ఆకు వెనక తుప్పు

నౌపడా,
1967 జూలై 9.

అప్పకి నీలవేణి నమస్కరించి రాసేది,

ఇక్కడ అందరం కులాసా. నీ మరిదికి ఉప్పు శాఖ వాళ్ళు ఎట్టకేలకు పెద్ద క్వార్టరు ఇచ్చారు. పెద్దదే కానీ ఒట్టి చీకటి కొంప. ఉత్తరం వైపు వసారా ఉంది, దానికి ఏ కాలంలోనూ ఎండ తగలదు. వంటింటికీ స్నానాల గదికీ మధ్య ఇరుకు జాగా ఒకటి ఉంది, అక్కడ ఎప్పుడూ తడే. ఇక హాలు సంగతి చెప్పక్కర్లేదు, పట్టపగలు పేపరు చదవాలన్నా కిటికీ దగ్గరికి పోవాల్సిందే. గులాబీ పెట్టాను, చచ్చింది. మందార పెట్టాను, ఒక్క మొగ్గ వెయ్యకుండా అలిగి కూర్చుంది.

మొన్న విజయనగరంలో వీళ్ళ ఆఫీసరుగారింటికి భోజనానికి వెళ్ళాం. ఆవిడ వసారా నిండా ఫెర్నులు! పువ్వు లేదు, కాయ లేదు, అయినా చూపు తిప్పుకోలేకపోయానంటే నమ్ము. అన్నం తింటున్నా ధ్యాసంతా వాటి మీదే. "నీడ ఉంటే చాలు, అవే పెరుగుతాయి" అంది ఆవిడ. ఎక్కడ తెప్పించారండీ అంటే, సాలూరు కొండల్లో గెడ్డల పక్కన, ఆ వాగుల తడికి కావలసినన్ని అంది. సాలూరంటే మా అప్ప ఊరే కదా అని అక్కడికక్కడే ఎగిరి గంతేసినంత పని చేశాను.

మీ ఊరి లారీలు ఉప్పు ఎత్తుకోవడానికి ఇక్కడికి ఖాళీగానే వస్తాయి కదా. బావ ఉండేది లారీ ఆఫీసులోనే. ఏదో ఒకదాంట్లో పెట్టించు. వసారాకి ఏది బాగుంటుందో, తడి జాగాకి ఏదో, హాల్లోకి ఏదో నువ్వే ఎంచి పంపు. నాకు ఇవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

పాప బాగుంది.

నీ చెల్లెలు
నీలవేణి


సాలూరు,
1967 జూలై 28.

చెల్లి నీలవేణిని పద్మకుమారి దీవించి రాసేది,

నీ ఉత్తరం ముందూ వెనకా తిప్పి చూశాను. చచ్చిన గులాబీ గురించి ఉంది, అలిగిన మందార గురించి ఉంది, పాప గురించి రెండే రెండు మాటలు. ఒసే, మందారకిచ్చిన జాగా నా పైడికి ఇవ్వకూడదటే?

నా పైడి అని రాసేశాను. కొట్టెయ్యను, కొట్టేస్తే ఇంకా బాగా కనబడుతుంది. నీ పైడే. ఆరేళ్ళ కిందట అయిదోనెల పిల్లని నీ ఒళ్ళో పెట్టిన రోజున అమ్మ ఏమందో నీకూ గుర్తుండే ఉంటుంది. "పాలపళ్ళు ఉన్నన్నాళ్ళూ పిల్లకి కన్నతల్లి వాసన తెలుస్తాది. అవి ఊడ్డం మొదలయినాకే నువ్వా గడప తొక్కాల, తెలిసిందేటే పద్మా" అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. అమ్మ పోయి రెండేళ్ళయినా ఆ మాట పోలేదు. నేను దాని మీదే ఉన్నాను. ఇష్టపడే ఇచ్చాను, ఇప్పుడు ఆ పేచీ ఏమీ లేదు. ఒక్కటే అడుగుతున్నాను. మొదటి పన్ను ఊడిన రోజున నాకు కార్డు ముక్క రాయి. ఏడో ఏడు జరుగుతోంది, ఇక ఎన్నాళ్ళో పట్టదు.

ఇక మొక్కలు. గెడ్డకి నేనే వెళ్ళాను. "ఆకుల కోసం కొండెక్కుతావేటే, మేకవా?" అని మీ బావ ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు. కుండీలన్నీ డ్రైవరు గంగులు లారీలో, వాడి సీటు పక్కనే పెట్టించాను. జాగ్రత్తగా చదువు.

తడి జాగాకి హంసపాది. మన పాత బావిలోకి తొంగి చూస్తే లోపలి గోడకి నల్లటి సన్నటి ఈనెలతో ఉండేది చూడు, అదే. దానికి ఎండ పడదు, గాలి పడదు, ఒక్క పూట నీళ్ళు మరిచిపోతే ముడుచుకు కూర్చుంటుంది. మహా పెంకిది, అచ్చం నీలాగే.

వసారాకి బారాకుల ఫెర్ను. కొబ్బరిపీచు బుట్టలో పెట్టి దూలానికి వేలాడదియ్యి. ఇది కొంచెం మొండిది, గాలికి తట్టుకుంటుంది. సన్నటి తీగలు వదులుతుంది, తీగ చివర పిల్లమొక్క పుడుతుంది. పిల్ల వేళ్ళు పట్టేదాకా తొందరపడి తీగ తెంపకు.

హాల్లోకి వెడల్పాకులది. కొండ మీద చెట్ల కొమ్మల సందుల్లో గద్ద గూడులా కూర్చుని ఉంటుంది. మట్టి కాస్తే చాలు, బొగ్గుముక్కలూ పీచూ ఎండాకూ కలిపి వెయ్యి. దుమ్ము పడితే ఆకులు తడిగుడ్డతో తుడువు. నడుమ లేత చుట్టల్ని మాత్రం వేలితో తాకనివ్వకు, నల్లబడిపోతాయి.

నాలుగోది నువ్వు అడగలేదు. వెండాకు. ఆకు వెనక తెల్లటి పొడి ఉంటుంది. పాప చెయ్యి తిరగేసి, దాని మీద ఆకు పెట్టి గట్టిగా అదుము. తీస్తే చేతి మీద తెల్లగా ఆకు అచ్చు పడుతుంది. అది చూసి ఏమందో మాట పొల్లుపోకుండా రాయి.

మీ బావినీళ్ళు ఉప్పన. అవి పొయ్యకు. వాననీళ్ళు గోలెంలో పట్టి ఉంచుకో.

అప్ప
పద్మకుమారి


నౌపడా,
1967 అక్టోబరు 20.

అప్పకి,

దసరా హడావుడిలో ఉత్తరం ఆలస్యమైంది, తిట్టకు. నీ మొక్కలు దివ్యంగా ఉన్నాయి. వచ్చినవాళ్ళందరూ ఎక్కడివి ఎక్కడివి అని ఒకటే అడగడం. నువ్వు రాసినట్టే అన్నీ చేస్తున్నాను.

వెండాకు సంగతి అడిగావు కదా. చేతులకి వేసుకుంది, బుగ్గలకి వేసుకుంది, చాలక అంట్లు తోముతున్న మా పనిమనిషి కూర్మమ్మ వీపు మీద కూడా అచ్చులు గుద్దేసింది. కూర్మమ్మ "ఓలమ్మో, ఈ గుంట నన్ను గోడనుకుంటన్నాది!" అని కేకలు. తర్వాత పాప నన్ను అడిగింది, "పెద్దమ్మ ఎలగుంటాది?" అని. నాలాగే ఉంటుందన్నాను. "మరైతే ఎందుకు రాదు?" అంది. సాలూరు చాలా దూరం అన్నాను.

ఇక్కడ ఉప్పుగాలికి దేన్ని చూసినా తుప్పే. తలుపు బందులు, ట్రంకుపెట్టెలు, కుట్టుమిషను, ఏదీ వదలదు. శనివారం వచ్చిందంటే కూర్మమ్మ కిరసనాయిలు గుడ్డ పట్టుకుని ఇల్లంతా తిరగాల్సిందే. ఈ ఊళ్ళో కాపరం అంటే సగం తుడవడమే.

పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. జీళ్ళు కొరికి పారేస్తోంది.

నీలవేణి


సాలూరు,
1967 డిసెంబరు 14.

నీలా,

కూర్మమ్మ వీపు సంగతి మీ బావకి చదివి వినిపించాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి పోయి కూర్చున్నాను. ఎలగుంటాది అందా? ఎందుకు రాదు అందా? ఆ రెండు మాటలూ ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలియదు.

ఈ లారీకి మరో రెండు బారాకులవి, ఒక హంసపాది పంపుతున్నాను. ఒక్కో జాతికి ఒకటే ఉంటే బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, గుంపుగా పెడితే ఒకదాని తడి ఒకటి కాచుకుంటాయి. ఇక ముందు ఎన్ని పంపగలనో చెప్పలేను. కొండ వైపు ఏవో గొడవలంటున్నారు, ఒంటరిగా గెడ్డకి వెళ్ళొద్దని మీ బావ గట్టిగా చెప్పారు.

మొక్కని ఎలా ఎంచుతానో తెలుసా? బాగా గుబురుగా పెరిగినదాన్ని ముట్టుకోను. అది విప్పుకోవాల్సిందంతా ఇక్కడే విప్పేసుకుంది. వేలి మీద వెంట్రుక చుట్టినట్టు నడుమ బిగిసిన చుట్టలుంటాయి చూడు, అవి ఎక్కువగా ఉన్నదాన్ని తవ్వుతాను. అవి దారిలో విప్పుకోవు. నీ ఇంట్లో, పాప ముందు విప్పుకుంటాయి. దాని పక్కన కూర్చుని చూసే వీలు నాకు లేదు, ఆ మొక్కకైనా ఉంటుంది కదా అనుకుంటాను. పిచ్చి అంటావు. అను.

నాకు దాన్ని చూడాలని ఉంది నీలా. వీధిలో ఆ ఈడు ఆడపిల్ల ఎవరు కనబడినా ఆగిపోయి చూస్తున్నాను. ఎంత పొడుగయిందో కూడా నాకు తెలియదు. గౌను కుడదామంటే దేని కొలతకి కుట్టను? పాపని గోడకి ఆనించి నిలబెట్టి, నెత్తి నుంచి మడమ దాకా ఒక దారం కొలిచి పంపు. అంత ఖర్చుతో కూడిన పని కాదు కదా.

పళ్ళ సంగతి మరిచిపోకు.

అప్ప


సాలూరు,
1968 ఫిబ్రవరి 17.

నీలవేణికి,

దారం పంపలేదు. ఉత్తరమూ లేదు. నిన్న గంగులు మీ ఊరి నుంచి వచ్చాడు. మొక్కలెలా ఉన్నాయిరా అంటే వాడు తల గోక్కున్నాడు.

"మీ మొక్కలేటీ కనపడ్నేదమ్మా. కుండీలు పెరట్ల బోర్లించున్నాయి. ఆ గుంట మట్టుకు నన్ను సూసి ఒకటే నవ్వు. ముందర పళ్ళు నేవు కదా, మాటాడతంటే ఈలేసినట్టుగున్నాది" అన్నాడు. వాడికేం తెలుసు పాపం, నవ్వుతూనే చెప్పాడు.

మొక్కలు చచ్చిపోయాయని రాస్తే నేనేం కొరికేస్తాననుకున్నావే? కొండ నిండా మొక్కలే. కానీ పళ్ళు ఊడాయని ఎందుకు రాయలేదు? మీ ఊరికి ఉప్పుకోసం వచ్చే లారీ డ్రైవరుకి నా కూతురు బోసినోటితో నవ్వుతుంది. నేను మాత్రం ఇక్కడ జీళ్ళు కొరుకుతోందని చదువుకుని మురిసిపోతూ కూర్చోవాలి.

అమ్మ పెట్టిన గడువు అయిపోయింది. నేను మాట తప్పలేదు. నువ్వే తప్పావు.

పద్మకుమారి


నౌపడా,
1968 మార్చి 3.

అప్పా,

అవును, ఊడాయి. మొదటిది దసరాల్లోనే ఊడింది. జీళ్ళు కొరుకుతోందని నీకు రాసేనాటికే దాన్ని ఆవుపేడలో పెట్టి ఇంటి మీదికి విసిరేశాం. చాలా? ఇంకా తిట్టాలంటే తిట్టు. కానీ ముందు ఇది పూర్తిగా చదువు.

మొక్కలు ఎలా చచ్చాయో చెబుతాను. సెప్టెంబరులో అన్నీ పచ్చగా కళకళలాడాయి. ఒక శనివారం వసారాలో బారాకు తిరగేసి చూస్తే వెనక వరసలు వరసలుగా గోధుమరంగు చుక్కలు. వేలితో రాస్తే పొడి. హాల్లోదానికీ అంతే, ఆకు వెనకంతా గీతలు గీతలుగా అదే. ఈ ఊళ్ళో గోధుమరంగు పొడి అంటే ఒక్కటే కదా. "అమ్మా, ఆకులకీ తుప్పొట్టీసినాది" అంది కూర్మమ్మ. నాకూ అనుమానం రాలేదు. బందులు తుడిచిన కిరసనాయిలు గుడ్డతోనే ఇద్దరం కూర్చుని ఆకు ఆకూ శుభ్రంగా తుడిచాం. ఎంత జాగ్రత్తగా తుడిచామనుకున్నావు! వారం తిరిగేసరికి నల్లగా మాడిపోయాయి. సంక్రాంతి వెళ్ళాక ఆఫీసరుగారి భార్య వచ్చి విని గుండెలు బాదుకుంది. అది తుప్పు కాదట, దాని విత్తనమట. నువ్వు పంపిన రెండో విడతకి కూడా అప్పటికే తుడవడం అయిపోయింది. హంసపాది సంగతి వేరు. చలికాలంలో గోలెంలో వాననీళ్ళు అయిపోతే ఒక్క రోజు కదా అని బావినీళ్ళు పోశాను. దానికి ఆ ఒక్క రోజే ఎక్కువైంది.

ఇదంతా నీకు రాయొచ్చు. ఎందుకు రాయలేదో తెలుసా? లారీ హారను వినబడితే చాలు, లోపలికి పోయి కూర్చునేదాన్ని. మళ్ళీ ఓ మొక్క, మళ్ళీ ఓ ఉత్తరం, ఇది తాకకు, అది తెంపకు, ఇన్ని నీళ్ళే పొయ్యి. నువ్వు మొక్కల గురించి రాస్తున్నట్టు నాకు అనిపించేది కాదు. మొక్కనే బతికించుకోలేనిది పిల్లనేం పెంచుతుంది అనుకుంటావని భయం. మొక్కలు పోయాయంటే నువ్వు వస్తావు. పళ్ళు ఊడాయంటే నువ్వు వస్తావు. ఎటు చూసినా నువ్వు వస్తావు.

అది నిద్రలో చెంప కింద పిడికిలి పెట్టుకుంటుంది అప్పా, అచ్చం నీలాగే. నేను నేర్పలేదు. రోజూ రాత్రి ఆ పిడికిలి తీసి కింద పెట్టేదాన్ని, తెల్లారేసరికి మళ్ళీ అక్కడే ఉండేది. నిన్ను చూసి అది నీ వైపు ఒక్క అడుగు వేస్తే నేనేమైపోతాను? నీకు ఇద్దరు కొడుకులున్నారు. నాకు ఇదొక్కతే.

ఇంకొకటి రాయాలి. ఆఖరి మొక్క కూడా పోయిన రోజున కుండీ ముందు కూర్చుని ఏడ్చాను. పాప చూసింది. మర్నాడు కూర్మమ్మతో ఉప్పుటేటి ఒడ్డుకి పోయి, మొలలోతు బురదలోంచి ఒక మొక్క పీక్కొచ్చింది. మందంగా తోలులా ఉన్న ఆకులు. అదీ ఫెర్నేనట, కూర్మమ్మ వాళ్ళు రోజూ వలలేసే చోట కావలసినంత ఉందట. ఖాళీ కుండీలో దాన్ని పాతి, నా కొంగు పట్టుకుని రహస్యంగా చెప్పింది. "ఏడకమ్మా. పెద్దమ్మకి సెప్పకు. ఇదే ఆ మొక్కని సెప్పీ, ఆవిడికి తెలీదులే."

నేను నీకు అబద్ధాలు రాస్తున్నానని దానికి తెలుసు. నా కోసం అది కూడా మొదలుపెట్టింది. ఆ రాత్రి నేను పిడికిలి తియ్యలేదు.

ఆ మొక్క బ్రహ్మాండంగా పెరుగుతోంది. బావినీళ్ళు పోసినా కిక్కురుమనదు.

దారం ఇందులో పెట్టాను. కొలిచేటప్పుడు మునివేళ్ళ మీద లేచింది, రెండోసారి కొలిచాను. ఇదే సరైనది.

రా అప్పా. ఎప్పుడొస్తావో రాయి.

నీలవేణి


సాలూరు,
1968 మార్చి 19.

నీలా,

దారం అందింది. నేల మీద ఒక కొస తొక్కిపట్టి రెండోది పైకి లాగితే నా గుండెల దాకా వచ్చింది.

ఉగాది వెళ్ళాక వస్తాను. పెద్దమ్మగా వస్తాను, పెద్దమ్మగానే వెళ్తాను. నువ్వు భయపడకు. నాకు భయంగా ఉంది.

అప్ప


సాలూరు,
1968 ఏప్రిల్ 16.

నీలాని అప్ప దీవించి రాసేది,

క్షేమంగా చేరాను. బొబ్బిలిలో బండి మారేటప్పుడు కుండీ చూసి అందరూ నవ్వారు. ఒకాయన "ఏటమ్మా, గోంగూరా?" అన్నాడు. అవునన్నాను.

నీ దగ్గర ఉన్న ఆ రెండు రోజులూ నేను పైడిని ఒక్కసారి కూడా దగ్గరికి తీసుకోలేదని నువ్వు గమనించే ఉంటావు. గౌను కూడా నీ చేతే తొడిగించాను. బిగుతవలేదు, వదులవలేదు. అన్నం కలిపి ముద్ద దాని నోటి దాకా తెచ్చి నువ్వు నా వైపు చూశావు, "నువ్వు పెట్టప్పా" అన్నావు. నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. నీ మీద కోపంతో కాదే. పెట్టానంటే తిరిగి రైలెక్కగలనన్న నమ్మకం నాకు లేదు. చేతులు కొంగులో చుట్టుకునే తిరిగాను.

అది నీ వెనకే తిరుగుతుంది. నీ కొంగు పట్టుకునే నన్ను చూస్తుంది. చూసి నా గుండె కలుక్కుమంది, అబద్ధం ఎందుకు? అయినా హాయిగా కూడా ఉంది. మొక్కలు చంపితే చంపావు కానీ, పిల్లని చక్కగా పెంచావు. ఈ మాట నీ ఎదుట అనలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

స్టేషనులో నువ్వు టిక్కెట్టు కోసం వెళ్ళినప్పుడు ఏం జరిగిందో నీకు తెలియదు. కూర్మమ్మ చేతిలోంచి పైడి ఆ కుండీ లాక్కుని, మొయ్యలేక మోసుకుంటూ వచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఏటి ఒడ్డుదే, ఒక పిలక విడదీసిందట. నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, ఆ బోసినోటితో ఈల వేస్తూ నాకు పాఠం చెప్పింది.

"పెద్దమ్మా, ఇది నీడల ఎట్టు. రోజూ నీల్లు పొయ్యి. మీ ఊరు నీల్లు సప్పగుంటాయట కదా, సిటికెడు ఉప్పెయ్యి, మరిసిపోకు. లేత సుట్టలు ముట్టుకోకు. బతికిందో నేదో ఉత్తరం రాయి. అబద్దం రాయకు."

ఏడు నెలలు నేను నీకు రాసిందంతా నాకే తిరిగి అప్పజెప్పింది. సరేనమ్మా అన్నాను. అప్పుడు తనే నా చెయ్యి పట్టుకుంది. రైలు కూత వేసేదాకా పట్టుకునే ఉంది.

కుండీని ఇక్కడ తూర్పు వసారాలో, గోడ నీడన పెట్టాను. పొద్దున్నే చెంబులో నీళ్ళు తీసుకుని ఉప్పు డబ్బా మూత తీస్తుంటే మీ బావ చూశారు. "మొక్కకి ఉప్పేటే! మతి పోయిందేటే?" అన్నారు. సాలూరంతా వెతికినా మొక్కకి ఉప్పునీళ్ళు పోసే మనిషి ఇంకొకతె దొరకదు.

ఇన్నాళ్ళు గెడ్డల వెంట తిరిగినదాన్ని, నాకు తెలియకపోలేదు. ఆ జాతి ఉప్పునీళ్ళు పోసినా బతుకుతుంది, వట్టినీళ్ళతో ఇంకా బాగా బతుకుతుంది. అయినా చిటికెడు వేసే పోస్తున్నాను. మరిచిపోలేదని దానికి చెప్పు.

అప్ప
పద్మకుమారి